మన తిండి, క్యాన్సర్ ముప్పు: బరంపురం తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం

సభకు నమస్కారం.

ఈ ప్రసంగానికి వారం ముందే నిర్వాహకులు మీకు చీటీలు పంచి, తిండికీ క్యాన్సర్‌కీ సంబంధించి ఎవరికి ఏ సందేహమున్నా రాసి ఇవ్వమన్నారు. ముప్పై ఏడు చీటీలు వచ్చాయి. నిన్న రాత్రి భోజనమయ్యాక వాటిని మంచం మీద పరుచుకుని వేటికవి విడదీశాను. మైక్రోవేవ్, ప్లాస్టిక్ డబ్బాల గురించి పదకొండు, మైదా గురించి తొమ్మిది, ఆవకాయ, ఎండుచేపల గురించి ఆరు, అల్యూమినియం గిన్నెల గురించి ఐదు, పంచదార గురించి ఐదు వచ్చాయి. మిగిలిన ఒక్క చీటీ ఎవరో ఇల్లాలు రాసినది. "మా ఆయన తిండి విషయంలో చాలా జాగ్రత్తపరులు, బయట మంచినీళ్లు కూడా ముట్టరు, రోజుకు ఏడెనిమిది కిళ్లీలు మాత్రం వేసుకుంటారు, ఫరవాలేదా?" అని అడిగారు ఆవిడ. మీరు నవ్వుతున్నారు కానీ, ముప్పై ఏడింటిలో అసలు ప్రశ్న అదే. నేను ఈ పూట చెప్పబోయేదంతా చాలావరకు ఆ చీటీకి జవాబుగానే వినండి.

నేను రోగులకు మందులు రాసే డాక్టరును కాను. ముక్క పరీక్షకు వచ్చిన ముక్కను సన్నగా కోసి, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద చూసి, అది క్యాన్సర్ అవునో కాదో చెప్పేవాణ్ణి. ముప్పై ఏళ్లకు పైగా ఆ పనే చేశాను. ఈ ఊరినుంచి, పర్లాకిమిడి నుంచి, ఇచ్ఛాపురం వైపు పల్లెల నుంచి నా బల్ల మీదికి వచ్చిన ముక్కల్లో బుగ్గ లోపలి పొర, నాలుక అంచు, అంగిలి ఎన్నిసార్లు చూశానో లెక్క చెప్పలేను. అయితే ఒక సంగతి ముందే ఒప్పుకోవాలి. ముక్క మీద దాని కారణం రాసి ఉండదు. ఇది వక్క వల్ల వచ్చింది, ఇది ఉప్పు వల్ల వచ్చింది అని ఏ సూక్ష్మదర్శినీ చూపించదు. ఒక అలవాటు ఉన్న వేలమందినీ లేని వేలమందినీ ఏళ్ల తరబడి గమనించి, ఎవరికి ఎంత ఎక్కువగా వచ్చిందో లెక్కగట్టినప్పుడే కారణం బయటపడుతుంది. "మా తాత తొంభై ఏళ్లు చుట్ట కాల్చాడు, ఏమీ కాలేదు" అన్న వాదన ఇక్కడ నిలవకపోవడానికి కారణం అదే. కళ్లు మూసుకుని రోడ్డు దాటినవాళ్లందరూ లారీ కింద పడరు. అంతమాత్రాన అది రోడ్డు దాటే పద్ధతి అయిపోదు.

ఈ లెక్కలను సరిగా చదవడం తెలియకపోవడం వల్లే సగం భయాలు పుడుతున్నాయి. ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఒకటుంది. 2015 అక్టోబరులో ఆ సంస్థ సాసేజ్, బేకన్ వంటి నిల్వ మాంసాన్ని మొదటి వర్గంలో, అంటే క్యాన్సర్ కారకాలని రుజువైనవాటి జాబితాలో చేర్చింది. పొగాకు ఉన్నది కూడా అదే వర్గంలో కాబట్టి, సాసేజ్ తినడం సిగరెట్ కాల్చడంతో సమానమని వార్తలు పుట్టాయి. ఆ వర్గీకరణ చెప్పేది ముప్పు ఎంత పెద్దదో కాదు, ముప్పు ఉందనడానికి సాక్ష్యం ఎంత గట్టిదో మాత్రమే. రెండు నేరాలూ కోర్టులో రుజువైనంత మాత్రాన రెండింటికీ ఒకే శిక్ష పడదు కదా. రోజుకు 50 గ్రాముల నిల్వ మాంసం తినేవారికి పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని అదే నివేదిక చెప్పింది. దీని అర్థం నూరుమందిలో పద్ధెనిమిది మందికి వస్తుందని కాదు. ఉదాహరణకు నూరుమందిలో ఐదుగురికి వచ్చే చోట ఆ ఐదు దాదాపు ఆరు అవుతుందని. ఆ ఒక్కరు మన ఇంటివారైతే అది చిన్న విషయం కాదు, నిజమే. కానీ బరంపురంలో రోజూ సాసేజ్ తినేవారెందరు? మనకు కావలసింది మన కంచం లెక్క.

ఇంకొక అంకెను కూడా తరచూ వింటుంటాం. 1981లో రిచర్డ్ డాల్, రిచర్డ్ పీటో అనే ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు, అమెరికాలో క్యాన్సర్ మరణాలలో దాదాపు 35 శాతం ఆహారంతో ముడిపడి ఉండవచ్చని అంచనా కట్టారు. ఆ 35ను అందరూ ఉటంకిస్తారు. దాని పక్కనే వారు రాసిన 10 నుంచి 70 వరకు అన్న విస్తృతిని ఎవరూ చెప్పరు. పైగా అది అమెరికన్ల లెక్క.

ఇక మన కంచానికి వద్దాం. 1936 ఏప్రిల్‌లో గంజాం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయి కొత్తగా ఏర్పడిన ఒడిశాలో కలిసింది గానీ, మన వంటిళ్లు మాత్రం రెండు వైపులవీ కలుపుకునే ఉన్నాయి. చింతపండు పులుసు పక్కనే ఆవనూనె తిరగమోత ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం మనమూ పఖాళే తింటాం, దానికి చద్దన్నం అని పేరు పెట్టుకుంటాం. కాల్చిన వడియాలను వెల్లుల్లి, పచ్చిమిరపకాయతో నలిపి నంజుకుంటాం. వీటిలో క్యాన్సర్ భయంతో మానుకోవలసినది ఏదీ లేదు. పులిసిన అన్నం గురించి ఎవరైనా భయపెడితే నమ్మకండి. మైక్రోవేవ్ తిండిని వేడి చేస్తుందే తప్ప అందులో రేడియోధార్మికత నింపదు. ప్లాస్టిక్ డబ్బాలో కాకుండా గాజు, పింగాణీ గిన్నెలో వేడి చేసుకుంటే ఆ సందేహమూ ఉండదు. అల్యూమినియం గిన్నెలో వండితే క్యాన్సర్ వస్తుందనడానికి నిలబడే ఆధారం లేదు. మైదా విషం కాదు, పీచు తీసేసిన పిండి. దాని సంగతి తరువాత చెబుతాను. ఇరవై ఐదు చీటీలకు జవాబు ఇక్కడితో అయిపోయింది.

కిళ్లీకి మాత్రం ఇంత సులువుగా జవాబు చెప్పి వదలలేను.

సాయంత్రం ఏ కిళ్లీ కొట్టు ముందైనా రెండు నిమిషాలు నిలబడి చూడండి. తడిబట్ట కింద నుంచి తమలపాకు తీసి, ఈనె గిల్లి, పుల్లతో సున్నం రాస్తాడు. దాని మీద కాచు పూసి, వక్కపలుకులు వేసి, చివర ఒక డబ్బా మూత తీసి చిటికెడు గుండి చల్లుతాడు. గుమ్మని సుగంధం వస్తుంది. గుండిలో ధనియాల వంటి దినుసులు కలుస్తాయి కాబట్టి చాలామంది దాన్ని మసాలా పొడి అనుకుంటారు. నిజానికి అది పొగాకు పొడి. "నేను పొగాకు ముట్టనండీ, గుండి పాన్ ఒక్కటే" అని నాతో చెప్పిన పెద్దమనుషులున్నారు.

పొగాకు కలిసిన తాంబూలం క్యాన్సర్ కారకమని లియాన్ సంస్థ 1985లోనే తేల్చింది. పొగాకు తీసేస్తే చాలనుకున్నవాళ్లకు ఆ ఊరట ఎక్కువకాలం దక్కలేదు. 2004లో ప్రచురించిన నివేదికలో పొగాకు లేని తాంబూలాన్ని, ఒట్టి వక్కను కూడా మొదటి వర్గంలోనే చేర్చారు. వక్కలో అరెకోలిన్ వంటి రసాయనాలుంటాయి. నమిలేటప్పుడు అవి నోట్లోనే నైట్రోసమైన్‌లనే క్యాన్సర్ కారకాలుగా మారగలవు. సున్నం కలిసినప్పుడు పుట్టే చురుకైన ఆక్సిజన్ అణువులు లోపలి పొర కణాల డీఎన్ఏను దెబ్బతీస్తాయి. వక్క చేసే ఇంకొక పని మరీ నెమ్మదైనది. బుగ్గ లోపలి మెత్తని పొర కింద నారలు పేరుకునేలా చేస్తుంది. మొదట కారం తగిలితే మంట పుడుతుంది. తరువాత బుగ్గ బిగుసుకుంటుంది, లోపల తెల్లబడుతుంది, నోరు పూర్తిగా తెరుచుకోదు. ఇంటికి వెళ్లాక అద్దం ముందు మీ చూపుడువేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు దగ్గరగా చేర్చి, పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య నిలువుగా పెట్టి చూడండి. మామూలు నోట్లో మూడూ పడతాయి. వక్క నమిలేవారికి రెండే పడుతున్నాయంటే దంతవైద్యుడికి చూపించుకోవలసిన సమయం వచ్చినట్టే. రెండు మూడు వారాలైనా మానని పుండు గానీ, గీకినా పోని తెల్లమచ్చ, ఎర్రమచ్చ గానీ ఉంటే అసలు ఆగవద్దు. పెళ్లిలో పుచ్చుకునే తాంబూలం గురించి నేను మాట్లాడడం లేదు. రోజుకు ఎనిమిది, ఏడాదికి దాదాపు మూడువేలు, ఇరవై ఏళ్లకు అరవైవేలకు దగ్గర. చీటీ రాసిన అమ్మగారు ఆ లెక్క ఆయనకు వినిపించాలి.

2016-17లో జరిగిన పెద్దల పొగాకు వాడక సర్వే ప్రకారం ఒడిశాలో వయోజనులలో 45.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. దేశం మొత్తం మీద అది 28.6 శాతం. ఒడిశాలో వాడేవారిలో అత్యధికులు పొగ పీల్చేవారు కాదు, నోట్లో పెట్టుకునేవారు. మా మేనత్త పొద్దున్నే గుడాఖుతో పళ్లు తోముకునేది. పొగాకును బెల్లపు మడ్డితో కలిపి నూరిన నల్లటి ముద్ద అది. పంటినొప్పికి మంచిదని ఎవరో చెబితే మొదలుపెట్టి, మధ్యాహ్నం ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి, మొత్తం మూడుసార్లకు వచ్చింది. అది ఆవిడ దృష్టిలో పళ్లపొడే. అందుకే ఏ డాక్టరు "పొగాకు అలవాటుందా" అని అడిగినా లేదనే చెప్పేది, అబద్ధమాడుతున్నానన్న అనుమానం కూడా ఆవిడకు లేదు. శ్రీకాకుళం, విశాఖ తీరపు ఆడవాళ్లలో చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఇప్పుడు తగ్గుతోంది గానీ, ఇతర చోట్ల అరుదుగా కనిపించే గట్టి అంగిలి క్యాన్సర్ మన వైపు తరచుగా కనిపించడానికి అదే కారణం. ఇవి తిండి కాదు కదా అని మీరనవచ్చు. నోటి ద్వారా, రోజూ, ఇష్టంగా, ఇంట్లోవాళ్ల ఎదుటే తీసుకునేదాన్ని తిండి లెక్కలో కలపకపోతే ఆ లెక్కే తప్పు.

ఉప్పు విషయానికి వస్తే నేను కొంచెం తగ్గి మాట్లాడాలి, ఎందుకంటే సాక్ష్యం అంత సూటిగా లేదు. దక్షిణ చైనా పద్ధతిలో ఉప్పులో ఊరవేసిన చేప ముక్కు వెనుక గొంతు భాగంలో క్యాన్సర్‌కు కారణమని రుజువైంది. ఆ చేప ఉప్పులో నానుతూ కొంత కుళ్లి మెత్తబడుతుంది, అక్కడ దాన్ని చంటిపిల్లలకు కూడా పెట్టేవారు. గోపాలపురం ఒడ్డున మన జాలరులు ఇసుక మీద, వలల మీద ఎండబెట్టే కవళ్లు, నెత్తళ్లు అటువంటివి కావు. కాబట్టి ఆ తీర్పును తెచ్చి మన ఎండుచేపకు యథాతథంగా అంటగట్టకూడదు. అలాగే తూర్పు ఆసియాలో ఉప్పునీటిలో పులియబెట్టే కూరగాయల మీద ఉన్న అనుమానాన్ని నూనె, ఆవపిండితో పెట్టే ఆవకాయకు అంటగట్టడమూ తొందరపాటే. అయినా ఉప్పు ఉప్పే. అది ఎక్కువైనప్పుడు కడుపు లోపలి జిగురుపొరను దెబ్బతీస్తుంది. హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి అక్కడ తిష్ఠ వేయడానికి ఆ దెబ్బ దారి చేస్తుంది. ఆ సూక్ష్మజీవి కడుపు క్యాన్సర్‌కు కారణమని 1994లోనే ప్రకటించారు. దాన్ని కనిపెట్టిన ఇద్దరిలో ఒకరైన బ్యారీ మార్షల్ తన మాట ఎవరూ నమ్మకపోతే 1984లో ఆ సూక్ష్మజీవులున్న ద్రవాన్ని తానే తాగి కడుపువాపు తెచ్చుకున్నాడు, 2005లో నోబెల్ అందుకున్నాడు. ఉప్పు రోజుకు ఐదు గ్రాములు, అంటే ఒక చెంచా, దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. పప్పులో ఉప్పు, కూరలో ఉప్పు, నంజుకునే అప్పడంలో ఉప్పు, ఎండుచేపలో ఉప్పు, మజ్జిగలో మళ్లీ చిటికెడు. ఎండుచేపను వండే ముందు వేడినీళ్లలో అరగంట నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే ఉప్పు చాలావరకు పోతుంది. నేరుగా నిప్పుల మీద నల్లగా మాడ్చడం మానుకోండి. ఆ మాడిన నలుపులో, పొగలో బెంజోపైరీన్ ఉంటుంది. అది సాక్ష్యం గట్టిగా ఉన్న విషం.

మీ చీటీలలో ఒక్కరు కూడా అడగనిది, నేను తప్పకుండా చెప్పాలనుకున్నది వేరుశనగ బూజు గురించి. 1960లో ఇంగ్లండులో దాదాపు లక్ష టర్కీ కోళ్లు ఉన్నట్టుండి చచ్చిపోయాయి. వెతికితే వాటికి పెట్టిన వేరుశనగ పిండిలో ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు, అది పుట్టించిన అఫ్లటాక్సిన్ బయటపడ్డాయి. మన దేశంలో 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు పల్లెల్లో వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని నూరుమందికి పైగా చనిపోయారు. అది ఒక్కసారిగా ఎక్కిన విషం. కొద్ది కొద్దిగా ఏళ్ల తరబడి ఎక్కితే అదే కాలేయ క్యాన్సర్‌కు దారితీస్తుంది. హెపటైటిస్ బి ఉన్నవారిలో ఆ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. పుట్టిన బిడ్డకు ఆ టీకా తప్పక వేయించమని చెప్పడంలో ఇదీ ఒక కారణం.

మా అమ్మ చాటలో పల్లీలు పోసి, కిటికీ దగ్గర కూర్చుని, ముడుచుకుపోయినవి, మచ్చపడినవి, పొట్టు కింద పచ్చటి నూగు కనిపించేవి ఏరి పక్కన పెట్టేది. అంతవరకు బంగారం. ఆ తరువాత వాటిని పారేయడానికి చెయ్యి రాక, "వేయిస్తే పోతుందిలే" అని చట్నీకి ఉంచేది. వేపినా ఉడికించినా అఫ్లటాక్సిన్ పూర్తిగా పోదు. పశువుకు వేస్తే పాలలోకి వస్తుంది. ఏరిన గింజను పారేయడం ఒక్కటే మార్గం, నోట్లో చేదుగా తగిలిన గింజను మొహమాటపడకుండా ఉమ్మేయండి. ఈమధ్య గానుగ నూనె మోజు పెరిగింది. శుద్ధి చేసేటప్పుడు ఈ విషం దాదాపుగా పోతుంది, గానుగలో పోదు. గానుగ తప్పు ఏమీ లేదు, గింజ మంచిదైతే నూనె మంచిదే. గింజలు మీరే ఏరి ఆడించుకోగలిగితే ఆడించుకోండి. మన తీరపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి గోనెసంచిని గచ్చు మీద కాక చెక్క మీద పెట్టండి.

మద్యం గురించి ఒకే మాట. జీలుగు కల్లు చెట్టునుంచి దిగింది కాబట్టి మేలని, ఇప్పసారా మందులా పనిచేస్తుందని కొండ వైపు వారు అంటారు, విదేశీ సీసా శుభ్రమని పట్నం వారు అంటారు. శరీరంలో అన్నీ అసిటాల్డిహైడ్ అనే విషంగానే మారతాయి. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, ఆడవారిలో రొమ్ము క్యాన్సర్లకు దానితో సంబంధం రుజువైంది. కిళ్లీ, మందు రెండూ ఉన్నవారికి ముప్పు కూడిక కాదు, గుణకారం.

మైదా దగ్గర ఆపిన మాట పూర్తి చేస్తాను. ఉగాండాలో పనిచేసిన డెనిస్ బర్కిట్ అనే శస్త్రవైద్యుడు, పీచు ఎక్కువగా తినే ఆఫ్రికా పల్లెల్లో పెద్దపేగు క్యాన్సర్ ఇంత తక్కువగా ఎందుకుందని 1971లో ప్రశ్న లేవనెత్తాడు. అప్పటినుంచి పోగుపడిన సాక్ష్యం చాలావరకు ఆయన వైపే ఉంది. పీచును పేగులోని సూక్ష్మజీవులు బ్యూటిరేట్‌గా మారుస్తాయి. పేగు లోపలి పొరకు అదే మేత. రోజుకు 90 గ్రాముల ముడిధాన్యం తినేవారిలో పెద్దపేగు క్యాన్సర్ ముప్పు దాదాపు 17 శాతం తక్కువగా కనిపించింది. దీనికి ఓట్స్ కొనుక్కోనక్కరలేదు. చోడి అంబలి, అంటే రాగి అంబలి, మన పాత అలవాటే. కొరాపుట్ వైపు మండియా పేరుతో ఆ పంట ఎప్పుడూ పోలేదు, 2017లో ఒడిశా ప్రభుత్వం చిరుధాన్యాల పథకం పెట్టాక పట్నం అంగళ్లలోనూ దొరుకుతోంది. కూరలు, పళ్లు కలిపి రోజుకు 400 గ్రాములు అంటారు. మన భోజనంలో అన్నం కొండంత, కూర గోరంత. ఆ పాళ్లు మారిస్తే పీచు పెరుగుతుంది, నడుము చుట్టుకొలత తగ్గుతుంది. ఆ రెండోది చిన్న లాభం కాదు. అధిక బరువుకు పదమూడు రకాల క్యాన్సర్లతో సంబంధముందని 2016లో తేల్చారు. ముట్లుడిగిన ఆడవారిలో కొవ్వు కణజాలమే ఈస్ట్రోజెన్ తయారుచేస్తుంది కాబట్టి రొమ్ము, గర్భసంచి క్యాన్సర్లకు ఆ దారి ఉంది.

కూరలకు బదులు మాత్రలు మింగితే చాలదా అనేవారికి ఫిన్లాండ్ కథ చెబుతాను. పొగతాగే 29 వేల మంది మగవారిని తీసుకుని, కొందరికి బీటా కెరోటిన్ మాత్రలు ఇచ్చారు. క్యారెట్‌లో, ఆకుకూరల్లో ఉండేదే, మేలు చేస్తుందనే ఇచ్చారు. 1994లో ఫలితాలు వచ్చేసరికి మాత్రలు వేసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా తేలింది. అమెరికాలో అటువంటి మరో ప్రయోగాన్ని 1996లో మధ్యలోనే ఆపేశారు. తోటకూరలో ఉన్నది ఒక్క రసాయనం కాదు. పసుపు క్యాప్సూళ్లు అమ్మేవారికీ ఇదే జవాబు. పసుపు కూరలో వేసుకోండి, దానితో క్యాన్సర్ నయమవుతుందని చెప్పేవారి దగ్గరికి మాత్రం వెళ్లకండి.

చివరిగా పంచదార చీటీలు. చక్కెర క్యాన్సర్‌కు మేత, కాబట్టి జబ్బు వచ్చినవాళ్లు తీపి, అన్నం, పాలు మానేస్తే గడ్డ ఎండిపోతుందన్న మాట ఫోన్లలో తిరుగుతోంది. తీపి ఎక్కువైతే బరువు పెరుగుతుంది, ఆ దారిలో ముప్పు పెరుగుతుంది, అంతవరకు నిజం. కానీ శరీరంలోని ప్రతి కణమూ గ్లూకోజు వాడుకుంటుంది, తినకపోయినా శరీరం కండను కరిగించి కాలేయంలో దాన్ని తయారుచేసుకుంటుంది. నాకు తెలిసిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నాకంటే చిన్నవాడు, పేగు క్యాన్సర్ అని తెలిసిన రోజునుంచి అన్నం, పాలు మానేసి గోధుమగడ్డి రసం, బొప్పాయి ఆకు రసం మీద ఉన్నాడు. ఆరు వారాల్లో తొమ్మిది కిలోలు తగ్గాడు. కీమోథెరపీ మొదలుపెట్టవలసిన రోజున రక్తం, బరువు చూసి డాక్టర్లు వాయిదా వేశారు. నేను వాళ్లింటికి వెళ్లేసరికి భార్య వంటింట్లో ఏమీ వండకుండా కూర్చుని ఉంది, ఏది పెడితే ఆయనకు కీడవుతుందోనన్న భయంతో. ఆ పూట ముద్దపప్పు, నెయ్యి, ఉడికించిన గుడ్డు, పెరుగన్నం పెట్టించాను. నాలుగు వారాలు పట్టింది ఆయన మళ్లీ చికిత్సకు తగిన బరువుకు రావడానికి. మీ ఇళ్లలో ఎవరైనా చికిత్సలో ఉంటే, పప్పు, గుడ్డు, చేప, పాలు ఏది నోటికి రుచిస్తే అది, మూడు పూటలూ కాకపోతే ఆరుసార్లు కొంచెం కొంచెంగా పెట్టండి. ఏదైనా మానిపించాలంటే చికిత్స చేస్తున్న డాక్టరును అడిగాకే మానిపించండి.